కుందేలును ఎత్తుకోవడం ఎలా? యూనిట్ తీసుకున్నవారికి కొన్ని మాటలు

కుందేళ్ల యూనిట్ తీసుకుని పెరట్లో పెంచుకుంటున్న అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు రాస్తున్న కాగితం ఇది. యూనిట్ మంజూరు, రాయితీ, బ్యాంకు వాయిదాల సంగతి ఇందులో ఉండదు. ఆ లెక్కలు మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులు చెబుతారు. ఇక్కడ చెప్పేది ఒక్క పని గురించే. కుందేలును బోనులోంచి బయటికి తీయడం, ఎత్తుకోవడం, మళ్లీ దింపడం.

ఇంత చిన్న పనికి ఒక పీడీఎఫ్ కావాలా అని మీకు అనిపించొచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది.

రెండేళ్ల కిందట ఒక మండలంలో యూనిట్ల పంపిణీ జరిగింది. ఫొటోలు తీయించి, వార్త రాసి పత్రికలకు పంపడం నా డ్యూటీ. వేదిక మీద ఒక పెద్దాయన బుట్టలో ఉన్న కుందేలును లబ్ధిదారురాలి చేతికి అందిస్తున్నారు. బుట్టలో ఉంటే కుందేలు ఫొటోలో కనబడటం లేదు. "సార్, కొంచెం పైకి ఎత్తి చూపించండి" అన్నాను. ఆయన చెవులు పట్టుకుని పైకెత్తారు. ఫొటో బాగా వచ్చింది. మరుసటి రోజు పేపర్లలో కూడా వచ్చింది. పొద్దున్నే ఒక పశువైద్యాధికారి ఫోన్ చేసి, "చెవులు పట్టుకుని ఎత్తాలని ఊరందరికీ నేర్పించారు కదండీ" అన్నారు. కోపంగా కాదు, విసుగ్గా.

నెల తర్వాత ఆయనతో కలిసి అదే ఊరికి వెళ్లాను. కుందేళ్లను చూపించమని అడిగితే మూడిళ్లలో చెవులు పట్టుకునే బయటికి తీశారు. నాలుగో ఇంట్లో ఒక తల్లి కుందేలు మూలన కూర్చుని ఉంది. మేత వేస్తే ముందు కాళ్లతో పాక్కుంటూ వచ్చింది. వెనక కాళ్లు రెండూ గోనెపట్టాలా వెంట ఈడ్చుకుంటూ వస్తున్నాయి. "ఎవరూ కొట్టలేదు సార్, కింద కూడా పడలేదు. ఎత్తుకుంటే చేతిలో గింజుకుంది, అంతే" అన్నారు ఆ అక్క. ఆమె అబద్ధం చెప్పలేదు. సరిగ్గా అలాగే జరుగుతుందని డాక్టరుగారు చెప్పారు. నేను జర్నలిజం చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాదు. ఆ రోజు ఆయన దగ్గర, ఆ తర్వాత కుందేళ్లను ఏళ్ల తరబడి పెంచుతున్నవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నది మీకు చెబుతున్నాను.

తన తన్నుకు తానే విరిగే జంతువు

కుందేలు కండ బలమంతా వెనక కాళ్లలో ఉంటుంది. ఒక్క తన్నుతో శరీరం మొత్తాన్ని ఎగరేసి పరుగెత్తాలి కాబట్టి అలా ఏర్పడింది. కానీ ఎముకలు మాత్రం చాలా తేలిక. వాటి బరువు శరీరం బరువులో నూటికి 8 వంతులు కూడా ఉండదు. అంటే 4 కిలోల న్యూజిలాండ్ వైట్ కుందేలులో ఎముకలన్నీ కలిపితే సుమారు 300 గ్రాములు. అంత సన్నటి ఎముకలకు అంత బలమైన కండలు అతికి ఉన్నాయి.

నేల మీద తన్నితే ఆ బలం నేల మీదికి పోతుంది. గాలిలో వేలాడుతూ తన్నితే ఎక్కడికి పోవాలి? తిరిగి నడుం మీదికే వస్తుంది. అక్కడ వెన్నుపూస విరుగుతుంది, లేదా పక్కకి జరుగుతుంది. లోపలున్న నరాలు దెబ్బతింటే వెనక కాళ్లు చచ్చుబడతాయి. మూత్రం పోయడం కూడా దాని అదుపులో ఉండదు. కొట్టకుండా, పడకుండా నడుం విరగడం అంటే ఇదే.

కాబట్టి మొత్తం పద్ధతికి మూలం ఒక్కటే. కుందేలు మీ చేతుల్లో ఉన్నంతసేపూ దాని వెనక భాగం వేలాడకూడదు. కింద నుంచి ఒక చెయ్యి ఎప్పుడూ ఆనించి ఉండాలి. మిగతావన్నీ దాని చుట్టూ వచ్చే జాగ్రత్తలే.

ఇంకో సంగతి. మనం ముద్దుగా ఎత్తుకుంటున్నాం అనుకుంటాం. కుందేలుకు అలా తెలియదు. కాళ్ల కింద నేల పోవడం అంటే దానికి తెలిసిన అర్థం ఒక్కటే: గద్ద తన్నుకుపోతోంది. కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోవడం మనలో చాలామంది చూసే ఉంటారు. కుందేలు కూడా ఆ భయంతోనే పుడుతుంది. అందుకే ఎంత మచ్చికైన కుందేలైనా, మీ చేతిలో కొత్తిమీర తినే కుందేలైనా, పైకి ఎత్తగానే ఒక్కసారి బిగుసుకుంటుంది. దాన్ని పొగరు అనుకోకండి.

చెవులు ఎందుకు పట్టుకోకూడదు

చెవులు పిడికిట్లో పట్టేలా ఉంటాయి కాబట్టి మనకు అవే పిడి అనిపిస్తాయి. బొమ్మల పుస్తకాల్లో, సినిమాల్లో, ఇంద్రజాలికుడి టోపీలోంచి కుందేలును చెవులు పట్టుకునే తీస్తారు. మా ఫొటో సంగతి చెప్పనే చెప్పాను.

నిజానికి చెవి అంటే పలచటి తోలు, మెత్తటి ఎముక, దాని నిండా రక్తనాళాలు. ఎండ ముదిరినప్పుడు చూడండి, చెవులు వెచ్చగా, ఎర్రగా అవుతాయి. కుందేలుకు మనలాగా చెమట పట్టదు. ఒంట్లో వేడిని బయటికి పంపేది ప్రధానంగా ఆ చెవులే. అలాంటి చోట 4 కిలోల బరువు వేలాడదీస్తే నొప్పి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నొప్పికి తన్నుతుంది, తన్నితే నడుం. మళ్లీ మొదటికే వచ్చాం.

"మా తాతల కాలం నుంచీ చెవులే పట్టుకుంటున్నాం, ఏమీ కాలేదు" అని ఆ ఊళ్లో ఒక పెద్దాయన గట్టిగా వాదించారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అంటామే, అలాగ. డాక్టరుగారు నవ్వి, "మీ తాతలు పట్టింది పెంచడానికా, వండడానికా?" అని అడిగారు. పెద్దాయన కూడా నవ్వేశారు. నాకు అందులో నిజం కనిపించింది. చెవులు పట్టుకోవడం వేటగాళ్ల అలవాటు అయి ఉండాలి. పొలాల్లో దొరికే చెవులపిల్లిని ఇంటికి తెచ్చేదాకా దాని నడుం గురించి ఎవరికి పట్టింది? మీది అలా కాదు. మీ కుందేలు రేపు బతకాలి, ఈనాలి, పిల్లలకు పాలివ్వాలి.

చెవులపిల్లి మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అడవుల్లో, చేలల్లో తిరిగే చెవులపిల్లి వేరు, మీ యూనిట్‌లోని పెంపుడు కుందేలు వేరు. చెవులపిల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పట్టినా, చంపినా, అమ్మినా కేసు అవుతుంది. యూనిట్ ఉంది కదా అని దాన్ని తెచ్చి ఇందులో కలపొద్దు.

ఎత్తే పద్ధతి

మొదటి వారం అసలు ఎత్తకండి. కొత్త కుందేలు మీ ఇంటి చప్పుళ్లకు, మీ గొంతుకు, మీ చేతి వాసనకు అలవాటు పడాలి. మేత వేసేటప్పుడు చెయ్యి కొంచెంసేపు బోనులోనే ఉంచండి. దశరథ గడ్డి రెమ్మో, కొత్తిమీర కాడో చేత్తో తినిపించండి. నుదుటి మీద, చెంపల దగ్గర మెల్లగా నిమరండి. చాలా కుందేళ్లకు అక్కడ నిమిరితే ఇష్టం. పొట్ట, పాదాలు, తోక ముట్టుకుంటే ఇష్టపడవు.

ఎత్తాల్సిన రోజు వచ్చినప్పుడు ముందు చేతులు కడుక్కోండి. కుక్కనో పిల్లినో నిమిరి వచ్చిన చేతులతో వెళ్తే ఆ వాసనకే బెదురుతుంది. గాజులు వదులుగా ఉంటే పైకి తోసుకోండి. గోళ్లు గీరుకోకుండా పొడుగు చేతుల జాకెట్టో, చొక్కానో ఉంటే మంచిది.

బోను తలుపు తీసి, పిలిచి, పక్క నుంచి చెయ్యి పెట్టండి. కుందేలు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. వెనక ఏం జరుగుతోందో కూడా చూడగలదు కానీ, సరిగ్గా ముక్కు ముందు ఉన్నది దానికి కనబడదు. ఎదురుగా చెయ్యి చాపితే ఉన్నట్టుండి ఏదో వచ్చి తగిలినట్టు ఉంటుంది. పైనుంచి దించితే గద్దే. మూలకు తరిమి పట్టుకోవడం కూడా వద్దు. ఒక్కసారి అలా చేశారా, మళ్లీ మీ చెయ్యి కనబడినప్పుడల్లా మూలకే దూరుతుంది.

ఒక చెయ్యి ముందు కాళ్ల వెనగ్గా రొమ్ము కిందికి పోనివ్వండి. వేళ్లు పరిచి పెట్టండి, నొక్కొద్దు. లోపల పక్కటెముకలు అగ్గిపుల్లల్లా ఉంటాయి. రెండో చెయ్యి వెనక భాగం కిందికి, చంటిపిల్లను ఎత్తేటప్పుడు పిర్రల కింద పెట్టినట్టు పెట్టండి. రెండు చేతులూ కుదిరిన తర్వాతే ఎత్తాలి. ముందు రొమ్ము ఎత్తి, తర్వాత వెనక భాగం అందుకుందాం అనుకుంటే ఆ రెండు సెకన్లలోనే తన్నేస్తుంది. బరువు మొత్తం వెనక చేతి మీదే ఉండాలి, ముందు చెయ్యి ఆసరా మాత్రమే.

ఎత్తీ ఎత్తగానే ఒంటికి హత్తుకోండి. కుందేలు పక్క భాగం మీ పొట్టకు ఆనాలి, నాలుగు కాళ్లూ దేనికో ఒకదానికి తగులుతూ ఉండాలి. దాని తలను మీ మోచేతి మడతలో దాచనిస్తే ఇంకా మంచిది. కళ్లకు చీకటి పడితే కుందేలు సగం సర్దుకుంటుంది. ముంజేయి కింద పొడవునా కుందేలు, చంకలో తల, అరచేతిలో వెనక భాగం, రెండో చెయ్యి వీపు మీద. ఇదొక్కటి అలవాటైతే మీరు నిశ్చింతగా పది అడుగులు నడవగలరు. మా ఆఫీసులో ఒక సోదరి దీన్ని చూసి, "నీళ్ల బిందె చంకలో పెట్టుకున్నట్టే ఉంది" అన్నారు. అచ్చం అంతే, బిందె తన్నదు గానీ.

పెద్ద ఫారాల్లో మెడ వెనక వదులుగా ఉండే చర్మాన్ని పట్టుకుని తీయడం చూసే ఉంటారు. అది పూర్తిగా తప్పని చెప్పను. బాగా బెదిరే పెద్ద మగ కుందేలును అదుపులో ఉంచడానికి చెయ్యి తిరిగినవాళ్లు అలా చేస్తారు. కానీ వాళ్ల రెండో చెయ్యి ఎక్కడుందో గమనించండి. వెనక భాగం కింద ఉంటుంది, బరువంతా దాని మీదే ఉంటుంది. మెడ చర్మం ఒక్కదానితో వేలాడదీసేవాళ్లను చూసి నేర్చుకోకండి. మన ఇళ్లలో నాలుగైదు కుందేళ్లకు రొమ్ము కింద చెయ్యే చాలు.

అసలు కదలనివ్వకుండా చూడాల్సిన పని ఉంటే, అంటే గోళ్లు కత్తిరించడం, మందు వేయడం లాంటివి అయితే, పాత తువ్వాలు తీసుకోండి. నేల మీద పరిచి, మధ్యలో కుందేలును కూర్చోబెట్టి, రెండు పక్కల నుంచీ పసిబిడ్డకు పొత్తిళ్లు చుట్టినట్టు చుట్టండి. ముక్కు బయటికి ఉండాలి. ఎండాకాలంలో రెండు మూడు నిమిషాలకు మించి అలా ఉంచొద్దు, లోపల ఉడికిపోతుంది.

వెల్లకిలా పడుకోబెట్టడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ వీడియోలు ఫోన్లలో బాగా తిరుగుతున్నాయి. కుందేలును వీపు మీద పడుకోబెడితే కాసేపట్లో కదలకుండా అయిపోతుంది. "చూడు, ఎంత హాయిగా నిద్రపోతోందో" అంటారు. అది నిద్ర కాదు. ఇక తప్పించుకోలేను అనుకున్నప్పుడు భయంతో కొయ్యబారిపోవడం. అలా ఉండి ఉన్నట్టుండి తేరుకుని గింజుకుంటుంది, అప్పుడే ప్రమాదం. డాక్టరు పరీక్ష కోసం చేస్తే వేరు. ముచ్చటకు చేయొద్దు.

గింజుకుంటే, దింపేటప్పుడు

చేతిలో గింజుకోవడం మొదలుపెడితే మనం చేసే పొరపాటు రెండు రకాలు. గట్టిగా బిగించడం, లేదా భయపడి వదిలేయడం. రెండూ వద్దు. ఉన్నచోటే కిందికి కూర్చోండి. గొంతుక్కూర్చుంటే నేల జానెడు దూరంలోకి వస్తుంది. జారినా దెబ్బ తగలదు. ఒంటికి హత్తుకునే ఉంచి, కొంచెం సద్దుమణిగాక నేల మీదికి జారనివ్వండి. అందుకే కొత్తవాళ్లు మొదటి పదిసార్లు కింద చాప మీద కూర్చునే ఎత్తి దింపడం నేర్చుకోవాలి. నిలబడి ఎత్తడం ఆ తర్వాత.

ఎక్కువ దెబ్బలు తగిలేది దింపేటప్పుడు. బోను కనబడగానే కుందేలు ఇల్లు చేరినట్టే అనుకుని మీ చేతుల్లోంచి దూకుతుంది. తల ఎదురుగా పెట్టి లోపలికి నెడితే ఆ దూకుడుకు మీ ఛాతీ మీద కాళ్లు తన్ని మరీ పోతుంది. మీకు గీతలు, దానికి నడుం బెణుకు. తిప్పి పెట్టండి. వెనక భాగం ముందుగా లోపలికి పోవాలి, మొహం మీ వైపు ఉండాలి. నాలుగు కాళ్లూ నేలకు ఆనాక కూడా ఒక్క క్షణం చేతులు అలాగే ఉంచి, కదలకుండా ఉందనుకున్నాకే తీయండి. బోను అడుగు జాలీ అయితే గోరు ఇరుక్కుని ఉందేమో చూడండి. తీసేటప్పుడు కూడా ఇదే. ఇరుక్కున్న గోరుతో లాగితే వేలు ఊడొస్తుంది.

ఎన్నిసార్లు ఎత్తాలి అని అడుగుతారు. వారానికి ఒకసారి చాలు. ఆ ఒక్కసారిలోనే చూడాల్సినవన్నీ చూసేయండి. చెవుల లోపల, ముక్కు చుట్టూ, పాదాల మీద తెల్లటి పొక్కులు కడుతుంటే గజ్జి కావొచ్చు. అది మనకూ అంటుకుంటుంది, చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని డాక్టరుకు చూపించండి. మడమల కింద వెంట్రుకలు ఊడి పుండ్లు పడ్డాయా? ముందు పళ్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటున్నాయా? కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వంకర పెరిగితే మేత తినలేదు. బుట్టతో సహా తూకం వేసి బరువు నోటుపుస్తకంలో రాయండి. ఎండాకాలం మధ్యాహ్నాలు అసలు ముట్టుకోవద్దు. పొద్దున్న 8 గంటల లోపు, లేదా చల్లబడ్డాక.

చూడి కుందేలు, పిల్లలు

కుందేలు చూడి సుమారు 31 రోజులు. జత కట్టించిన తేదీ బోను మీద అట్టముక్కకు రాసి కట్టండి, రోజులు గుర్తుండవు. 10 నుంచి 14 రోజుల మధ్య పొట్ట తడిమి చూడి నిలిచిందో లేదో చెబుతారు. అది చెయ్యి తిరిగినవాళ్ల పని, మీరు నొక్కి చూడొద్దు. చివరి వారం తప్పనిసరైతే తప్ప ఎత్తొద్దు. ఎత్తాల్సే వస్తే పొట్ట మీద ఏమాత్రం ఒత్తిడి పడకుండా, మొత్తం బరువు వెనక చేతి మీదే. ఈనే పెట్టె 28వ రోజుకల్లా బోనులో పెట్టేస్తే ఆ తర్వాత దాన్ని కదపాల్సిన పని ఉండదు. జత కోసం ఆడదాన్నే మగదాని బోనుకు తీసుకెళ్లాలి. ఆడదాని బోనులో మగదాన్ని వేస్తే అది తన చోటు కోసం కలబడుతుంది, విడదీయడానికి మీరు చెయ్యి పెడితే మీకు కరుస్తుంది.

ఈనిన తల్లి దగ్గరికి వెళ్లేటప్పుడు ముందు దానికి కాస్త మేత ఇచ్చి, దాని దృష్టి అటు ఉన్నప్పుడు పెట్టె చూడండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లలను వదిలేస్తుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. మచ్చికైన తల్లి అలా చేయదు. అయినా చేతులు కడుక్కుని, పెట్టెలోని గడ్డి, బొచ్చు చేతులకు రుద్దుకుని ముట్టుకుంటే చాలు. చచ్చిన పిల్ల ఉంటే అదే రోజు తీసేయకపోతే మిగతావాటికీ ముప్పు. పుట్టిన పిల్లకు బొచ్చు ఉండదు, కళ్లు 10 రోజుల తర్వాతే తెరుస్తుంది. అరచేతి గుంటలో, రెండో చెయ్యి మూతలా పెట్టి, పెట్టె మీదే ఎత్తి చూడండి. ఒక నిమిషం చాలు, చలికి తట్టుకోలేదు.

తల్లి రోజంతా పెట్టె బయటే ఉంటే "పాలివ్వడం లేదు" అని కొందరు దాన్ని ఎత్తి బలవంతంగా పిల్లల మీద కూర్చోబెడుతున్నారు. అలా చేయకండి. కుందేలు తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొన్ని నిమిషాలే పాలిస్తుంది. పొద్దున్నే పిల్లల పొట్టలు చూడండి. గుండ్రంగా ఉంటే తాగినట్టే. ముడతలు పడి ఉంటేనే డాక్టరును అడగాలి.

లెక్క కూడా చెప్పుకుందాం. ఒక తల్లి ఏడాదికి 5 ఈతలు ఈని, ఈతకు 6 పిల్లలు బతికాయనుకుంటే 30 పిల్లలు. ఆ ఊళ్లో నడుం విరిగిన కుందేలు పోయినప్పుడు ఆ అక్క పోగొట్టుకున్నది ఒక్క కుందేలును కాదు. వాయిదా తేదీ మాత్రం మారలేదు.

ఇంట్లో పిల్లలు

కుందేళ్లు వచ్చాక ఆ వీధి పిల్లలంతా మీ పెరట్లోనే ఉంటారు. తరిమేయక్కర్లేదు. పదేళ్ల లోపు పిల్లలను మాత్రం నిలబడి ఎత్తుకోనివ్వొద్దు. చాప మీద కాళ్లు చాపి కూర్చోమనండి, కుందేలును మీరే తెచ్చి వాళ్ల ఒడిలో పెట్టండి. నిమరడానికి ఒక్కొక్కరినే పంపండి. దిగిపోతానంటే దిగిపోనివ్వాలి, ఇది వాళ్లకు ముందే చెప్పాలి. నేను చూసినంతలో పిల్లలు ఈ మాట పెద్దవాళ్ల కంటే తొందరగా అర్థం చేసుకుంటారు. ఎవరికైనా గోరు గీరుకుంటే సబ్బు, పారే నీళ్లతో బాగా కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి మీ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

సంతకు తీసుకెళ్లేటప్పుడు

నాటుకోళ్లను సైకిల్ హ్యాండిల్‌కు తలకిందులుగా కట్టినట్టు కుందేళ్లను కాళ్లు కట్టి వేలాడదీయడం చూశాను. గోనెసంచిలో నాలుగైదు వేసి మూతి కట్టడం కూడా చూశాను. సంత చేరేసరికి ఒకటైనా చచ్చి ఉంటుంది. నష్టం సంగతి అలా ఉంచండి, జంతువులకు అనవసరమైన బాధ కలిగేలా తీసుకెళ్లడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం నేరం. గాలి ఆడే వెదురు బుట్టో, కన్నాలున్న ప్లాస్టిక్ ట్రేయో వాడండి. అడుగున గోనెపట్టా పరిస్తే కాళ్లు జారవు. ఎదిగిన రెండు మగవాటిని ఒకే బుట్టలో వేయొద్దు, పోట్లాడుకుని రక్తాలు కార్చుకుంటాయి. తెల్లవారుజామున బయల్దేరండి. కొనేవాళ్లు చెవులు పట్టుకుని బరువు చూడబోతే ఆపండి, మీరే ఎత్తి చూపించండి. మీ సరుకు అది, మీ మాటే చెల్లాలి.

దెబ్బ తగిలిందనుకుంటే

వెనక కాళ్లు ఈడుస్తున్నా, ఒక పక్కకే పడిపోతున్నా, ముట్టుకుంటే పళ్లు గట్టిగా కొరుకుతున్నా, మూత్రంతో వెనకంతా తడిసి ఉన్నా ఆలస్యం చేయకండి. పదేపదే ఎత్తి నిలబెట్టి చూడొద్దు. ఆ చూడటంలోనే మిగిలిన నరం కూడా తెగుతుంది. ఒక అట్టపెట్టె పక్కన పెట్టి, నడుం వంగకుండా పలక మీద జరిపినట్టు అందులోకి జరపండి. అటూ ఇటూ బట్ట సర్ది, నీడలో ఉంచి, పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఊరికి దూరమైతే 1962 కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్య సేవల టోల్ ఫ్రీ నంబరు. ఏ ఊరు, ఏ వీధి, ఎప్పుడు జరిగింది అనేవి చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

నూనె రాసి మర్దనా చేయొద్దు, పుల్లలు పెట్టి కట్లు కట్టొద్దు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు వేయొద్దు. అమాక్సిసిలిన్ లాంటి మందులు మనకు మామూలే కానీ, నోటి ద్వారా వేస్తే కుందేలు పేగులు పాడై అదే చచ్చిపోతుంది. మెడికల్ షాపులో అడిగి వేసే పని కాదు. కొన్నిసార్లు ఎముక విరగదు, నరం చుట్టూ వాపు మాత్రమే వస్తుంది. అలాంటివి తొందరగా వైద్యం అందితే కోలుకునే అవకాశం ఉంది. విరిగిందా, వాచిందా అన్నది చూసి చెప్పాల్సింది డాక్టరే.

పైకి దెబ్బ ఏమీ లేకపోయినా, బాగా బెదిరిన కుందేలు మేత మానేస్తుంది. పూట గడిచినా గడ్డి ముట్టకపోతే, పెంటికలు చిన్నవైపోయినా, ఆగిపోయినా, అది కూడా ఆ రోజే చూపించాల్సిన విషయం. కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. రేపు చూద్దాం అనుకుంటే రేపటికి ఉండకపోవచ్చు.

చదివితే వచ్చే పని కాదిది, చేత్తో చేస్తేనే వస్తుంది. పశుసంవర్ధక సహాయకులు మీ ఊరికి వచ్చిన రోజు, సంఘంలో యూనిట్ ఉన్నవాళ్లంతా ఒక ఇంటి దగ్గర కూడి, ఒక మచ్చికైన కుందేలుతో ఎత్తి దింపడం చూపించమని అడగండి. తర్వాత మీరు ఒక్కొక్కరూ వారి ఎదుటే చేసి చూపించండి. చాప, పాత తువ్వాలు, కాస్త కొత్తిమీర దగ్గర పెట్టుకోండి. ఇంట్లో కుందేళ్లను చూసుకునేది అత్తగారో, బడికెళ్లే అమ్మాయో అయితే వాళ్లనే పంపండి, యూనిట్ ఎవరి పేరున ఉన్నా సరే.